యూఎఫ్‌డబ్ల్యూ 'డినై' అంటోంది, డాకర్ పోర్టు మాత్రం తెరిచే ఉంది: ఇది లోపమా, మన తప్పా?

రాత్రి_దీపం

మాది చిన్న ఆఫీసు, నలుగురు డెవలపర్లం. అద్దెకు తీసుకున్న ఒకే ఒక్క ఉబుంటు సర్వర్ మీద అంతా నడుస్తుంది. పోయిన నెల రెడిస్‌ను (లాగిన్ సెషన్లు దాచుకునే మా డేటాబేస్) డాకర్ కంటైనర్‌లోకి (ప్రోగ్రామును విడిగా పెట్టె కట్టి నడిపే పద్ధతి) మార్చాను. ఫైర్‌వాల్ పెట్టలేదనుకునేరు, పెట్టాను. ఉబుంటు ఫైర్‌వాల్ పనిముట్టు యూఎఫ్‌డబ్ల్యూ ఆన్‌లోనే ఉంది. బయటి నుంచి వచ్చేదంతా డినై, 22, 80, 443 మాత్రం అలౌ. స్టేటస్ కొడితే అదే చూపిస్తుంది.

మూడో రోజు పొద్దున్నే కస్టమర్ల ఫోన్లు మొదలయ్యాయి, అందరూ లాగౌట్ అయిపోయారని. రెడిస్‌లోకి వెళ్ళి కీలు చూస్తే మా సెషన్లు ఒక్కటీ లేవు. వాటి బదులు బ్యాకప్1, బ్యాకప్2, బ్యాకప్3, బ్యాకప్4 అని నాలుగు కీలు కూర్చుని ఉన్నాయి. ఒక్కొక్కదాంట్లో ఒక క్రాన్ లైను (వేళకు తనంతట తానే నడిచే ఆజ్ఞ), ఎక్కడి నుంచో స్క్రిప్టు దించుకుని నడపమని. కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆఫీసు వైఫై ఆపేసి, ఫోన్ హాట్‌స్పాట్ మీద నుంచి మా సర్వర్‌లో రెడిస్ వినే 6379 పోర్టుకు నెట్‌క్యాట్ (కనెక్షన్ పరీక్షించే పనిముట్టు) కొట్టాను. సెకను కూడా పట్టలేదు, కనెక్ట్ అయింది. పక్క విండోలో యూఎఫ్‌డబ్ల్యూ "యాక్టివ్" అంటూనే ఉంది.

తర్వాత వెతికితే తెలిసింది, డాకర్ పబ్లిష్ చేసిన (బయటికి తెరిచిన) పోర్టులకు యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ వర్తించవట, ఇది ఏళ్ళ తరబడి తెలిసిన విషయమేనట. నా ప్రశ్న ఒక్కటే. దీన్ని సాఫ్ట్‌వేర్ లోపం అనాలా, నా తెలివితక్కువతనం అనాలా? మా బాస్ రెండోదే అంటున్నాడు.

పాతకాపు

మీ బాస్ చెప్పిందే నిజం, కోపం తెచ్చుకోకు తమ్ముడూ.

ప్యాకెట్ ఏ దారిన పోతుందో ఒకసారి చూడు. బయటి నుంచి నీ సర్వర్ ఐపీకి, 6379కి ఒక ప్యాకెట్ వచ్చింది. కెర్నల్ దాన్ని మొదట ప్రీరూటింగ్ (దారి తేల్చకముందు మజిలీ) దగ్గర చూస్తుంది. అక్కడ డాకర్ ఒక డీన్యాట్ రూల్ పెట్టి ఉంచింది. గమ్యం చిరునామాను చెరిపేసి 172.17.0.2 లాంటి కంటైనర్ చిరునామా రాస్తుంది. ఆ తర్వాతే కెర్నల్ "ఇది నాకొచ్చిందా, ఇంకొకరికి పోవాలా" అని చూసుకుంటుంది. చిరునామా మారిపోయింది కాబట్టి ఇంకొకరిదే. ప్యాకెట్ ఫార్వర్డ్ చైన్‌లోకి, అంటే ఇంకొకరికి పంపే ప్యాకెట్ల రూల్స్ వరుసలోకి పోతుంది. నువ్వు యూఎఫ్‌డబ్ల్యూలో రాసుకున్న అలౌలూ డినైలూ ఉన్నది ఇన్‌పుట్ చైన్‌లో, అంటే సర్వర్‌కే వచ్చిన ప్యాకెట్ల వరుసలో. ఆ ప్యాకెట్ ఇన్‌పుట్ గడప తొక్కనే తొక్కలేదు, ఇక రూల్ ఎలా ఆపుతుంది?

యూఎఫ్‌డబ్ల్యూకి ఫార్వర్డ్‌లోనూ చైన్లున్నాయి, కాదనను. కానీ డాకర్ తన రూల్స్‌ను వాటికంటే పైన పెడుతుంది. పైన దొరికిన రూలే చెల్లుతుంది. ఈ రూల్స్ అన్నీ ఉండే లినక్స్ ఐపీటేబుల్స్ పుట్టినప్పటి నుంచీ ఇంతే.

ఇందులో పనిచేయనిది ఏముంది చెప్పు? పోర్టు పబ్లిష్ చెయ్యమన్నావు, చేసింది. అసలు రెడిస్‌కు పోర్టు పబ్లిష్ చెయ్యడం ఎందుకు? ఒకే కంపోజ్ (కంటైనర్లను ఒక ఫైల్‌తో నడిపే డాకర్ పనిముట్టు) నెట్‌వర్క్‌లో ఉన్న కంటైనర్లు పేరు పెట్టి పిలుచుకుంటాయి, ఆ పోర్ట్స్ లైనే అక్కర్లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.

తలుపు_గడియ

పాతకాపు గారూ, మద్దెల నిజంగానే ఓడైతే?

మీరు చెప్పిన ప్యాకెట్ దారిలో ఒక్క తప్పూ లేదు. నా అభ్యంతరం అక్కడ కాదు. యూఎఫ్‌డబ్ల్యూ పూర్తి పేరు తెలుసు కదా, అన్‌కాంప్లికేటెడ్ ఫైర్‌వాల్. ఐపీటేబుల్స్ చైన్లు బుర్రకెక్కని వాళ్ళ కోసమే 2008లో ఉబుంటు 8.04తో ఇచ్చారు. ప్రీరూటింగ్ అంటే ఏమిటో తెలియనక్కర్లేదని చెప్పి చేతికిచ్చిన పనిముట్టు అది. అది వాడినవాణ్ణి పట్టుకుని "ప్రీరూటింగ్ తెలియదా" అని మందలించడం ఏం న్యాయం?

రాత్రి_దీపం గారికి జరిగింది పెద్దవాళ్ళకూ జరిగింది. 2021 జూన్‌లో న్యూస్‌బ్లర్ అనే ఆర్‌ఎస్‌ఎస్ రీడర్ తన మాంగోడీబీ డేటాబేస్‌ను డాకర్‌లోకి మార్చింది. దాన్ని నడిపే ఆయన తన సర్వర్లకు తప్ప ఎవరికీ దారి లేకుండా యూఎఫ్‌డబ్ల్యూ జాబితా పక్కాగా పెట్టుకున్నాడు. కంటైనర్ పైకి లేవగానే ఆ జాబితా అలంకారప్రాయమైపోయింది. ఎవడో వచ్చి డేటాబేస్ తుడిచేసి డబ్బు అడిగాడు. పాత ప్రైమరీ సర్వర్‌ను ఇంకా తీసెయ్యలేదు కాబట్టి గట్టెక్కాడు. ఆయనకు ఆడటం రాదందామా?

పైగా ఇక్కడ ఒకదాని మీద ఒకటి మూడు సదుపాయాలు పేర్చి ఉన్నాయి. డాకర్‌లో ఐపీ రాయకుండా పోర్టు పబ్లిష్ చేస్తే 0.0.0.0, అంటే సర్వర్‌కున్న అన్ని చిరునామాల మీదా తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ లేకపోతే బయటివాళ్ళకు జవాబివ్వకుండా ఉండేందుకు రెడిస్‌లో ప్రొటెక్టెడ్ మోడ్ ఉంది. అధికారిక డాకర్ ఇమేజ్‌లో అది ఆఫ్ చేసి ఇస్తారు, పక్క కంటైనర్లు కనెక్ట్ అవ్వాలని. చివరికి యూఎఫ్‌డబ్ల్యూ. విడివిడిగా చూస్తే దేని కారణం దానికుంది. మూడూ కలిస్తే కాపలా లేని ఇల్లు.

క్లౌడ్_కాకా

ఇంత లొల్లి ఎందుకన్నా. క్లౌడ్‌లో సెక్యూరిటీ గ్రూపు (సర్వర్ బయటే ఉండే ఫైర్‌వాల్) పెట్టుకుంటే అయిపాయె. ప్యాకెట్ సర్వర్ దాకా వస్తే గదా డాకర్ సంగతి.

రాత్రి_దీపం

కాకా, మా ప్రొవైడర్ దగ్గర అది లేదు. నెలకు కొన్ని వందలు కట్టే సర్వర్, ఒక పబ్లిక్ ఐపీ, రూట్ పాస్‌వర్డ్, అంతే.

పాతకాపు గారూ, పోర్టు ఎందుకు పబ్లిష్ చేశానంటే, ఒక ట్యుటోరియల్‌లో ఉన్న కంపోజ్ ఫైల్‌ను అలాగే దించాను. అది నా తప్పే, ఒప్పుకుంటా. కానీ ముందు డాకర్ లేకుండా అదే రెడిస్ అన్ని చిరునామాల మీద వింటూ ఉన్నా యూఎఫ్‌డబ్ల్యూ ఆపేది. అలవాటైన గోడ కదా, ఉందనే అనుకున్నాను.

పాతకాపు

గోడ ఉంది, నువ్వు పక్క గేటు పెట్టించుకున్నావు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మెయిన్ గేటు దగ్గరే ఉంటాడు. నువ్వు మేస్త్రీని పిలిచి వెనక గోడకు తలుపు పెట్టించి, వాచ్‌మన్ చూసుకోలేదంటే ఎలా?

ఇంకొక మాట. డాకర్ వాళ్ళు దీన్ని దాచలేదు. యూఎఫ్‌డబ్ల్యూకూ డాకర్‌కూ పొసగదని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. 2017లో 17.06 వెర్షన్‌తో డాకర్-యూజర్ అనే చైన్ ఇచ్చారు. నీ రూల్స్ అందులో రాసుకుంటే డాకర్ రూల్స్ కంటే ముందు అవే పనిచేస్తాయి.

తలుపు_గడియ

మేస్త్రీ తలుపు పెట్టాడు సరే. వాచ్‌మన్ రిజిస్టర్‌లో "వెనక తలుపు లేదు" అని రాసి ఉంటే? యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్ చేసేది అదే. ఆ తెర తన రూల్స్ మాత్రమే చూపిస్తుంది. చూసేవాడు సర్వర్ అసలు స్థితి అనుకుంటాడు. "డాకర్ వేరే రూల్స్ పెట్టింది, ఈ పోర్టులు నా చేతిలో లేవు" అని ఒక్క లైను అచ్చు వేస్తే ఈ థ్రెడ్ ఉండేది కాదు. అందుకే నన్నడిగితే డాకర్ కంటే ఎక్కువ తప్పు యూఎఫ్‌డబ్ల్యూదే అంటాను. డాకర్ పోర్టు తెరుస్తానంది, తెరిచింది. మూసేశానని చెప్పింది మాత్రం యూఎఫ్‌డబ్ల్యూ.

డాకర్-యూజర్ మంచిదే, కానీ అందులోనూ ఒక గోతి ఉంది. ప్యాకెట్ అక్కడికి చేరేసరికి డీన్యాట్ అయిపోయి ఉంటుంది. హోస్టులో 8080 ఇచ్చి కంటైనర్‌లో 80కి కలిపారనుకోండి, 8080ని ఆపమని రూల్ రాస్తే అది దేనికీ తగలదు. అక్కడ కనిపించేది 80. మొదట వచ్చిన పోర్టు కావాలంటే కన్‌ట్రాక్‌ను (కనెక్షన్ల చిట్టా ఉంచే కెర్నల్ భాగం) అడిగి రాయాలి. కొత్తవాళ్ళు ఇది రాసేసి హాయిగా నిద్రపోతారు, పోర్టు మాత్రం తెరిచే ఉంటుంది.

ప్యాకెట్_పంతులు

ఇద్దరూ లోపం అనే మాటను రెండర్థాల్లో వాడుతున్నారు. అసలు సిసలు లోపం ఒకటి చెప్తాను, పోల్చి చూడండి.

ఇలాంటి సందర్భంలో అందరూ ఇచ్చే సలహా 127.0.0.1 పెట్టి పబ్లిష్ చెయ్యమని. అంటే ఆ సర్వర్‌లో ఉన్నవాళ్ళకే పోర్టు. ఇది డాకర్ స్వయంగా ఇచ్చిన మాట. డాకర్ 28కి ముందు వెర్షన్లలో అదే నెట్‌వర్క్ సెగ్మెంట్‌లో ఉన్న పక్క మెషీన్ ఆ పోర్టును అందుకోగలిగేది. 28లో దాన్ని బిగించారు. ఆ తర్వాత 28.2.0 నుంచి 28.3.2 వరకు ఇంకో తంటా. ఫైర్‌వాల్‌డీని (యూఎఫ్‌డబ్ల్యూ లాంటి ఇంకో పనిముట్టు) రీలోడ్ చేస్తే ఐపీటేబుల్స్ రూల్స్ అన్నీ చెరిగిపోతాయి. డాకర్ వాటిని మళ్ళీ రాసుకోవాలి. రాసింది గానీ, బయటివాళ్ళను ఆపే రూల్స్ మాత్రం వదిలేసింది. అడ్మిన్ ఏదో చిన్న మార్పుకు రీలోడ్ కొట్టాడు, 127.0.0.1కే పరిమితమైన పోర్టు డాకర్ బ్రిడ్జికి (కంటైనర్లను కలిపే లోపలి నెట్‌వర్క్) దారి ఉన్న బయటి మెషీన్లకు అందుబాటులోకి వచ్చేసింది. దానికి భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2025-54388 అని నంబరు ఇచ్చారు, 28.3.3లో సరిచేశారు.

డాకర్ ఇచ్చిన మాట తప్పితే సీవీఈ. యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ పాటిస్తానని డాకర్ ఎన్నడూ మాటివ్వలేదు, కాబట్టి అది డిజైన్. పుస్తకాల లెక్క ఇది. బ్యాకప్1 కీ చూసిన మనిషికి ఈ లెక్క చెప్పి ఒప్పించలేమని నాకూ తెలుసు.

క్లౌడ్_కాకా

మరి డిఫాల్టే 127.0.0.1 చెయ్యొచ్చు గదా? ఇన్నేండ్ల నుంచి ఏం అడ్డమొచ్చింది?

ప్యాకెట్_పంతులు

లోకంలో ఉన్న కంపోజ్ ఫైళ్ళలో చాలావాటికి ఒక్క అప్‌డేట్‌తో ఊపిరి ఆగుతుంది కాకా. మీ సర్వర్ వరకు మార్చుకోవచ్చు. కానీ డీమన్ (వెనక నడిచే డాకర్ ప్రోగ్రాము) సెట్టింగుల్లో ఐపీ అని ఇచ్చేది డిఫాల్ట్ బ్రిడ్జికే వర్తిస్తుంది. కంపోజ్ సొంత నెట్‌వర్క్ తయారుచేసుకుంటుంది, దానికి విడిగా చెప్పాలి. సెట్ చేశాం కదా అనుకునేవాళ్ళు ఇక్కడ మళ్ళీ దెబ్బతింటారు.

పాతకాపు

సరే, స్టేటస్ తెర విషయంలో గడియ గారి మాట ఒప్పుకుంటున్నాను. అది చూసి నేనూ జనానికి "క్లీన్‌గా ఉంది" అని చెప్పిన రోజులున్నాయి. కానీ అందుకని డాకర్ ఐపీటేబుల్స్ ముట్టుకోకూడదని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. డీమన్‌లో ఐపీటేబుల్స్ ఫాల్స్ పెట్టి చూడండి. కంటైనర్ల నుంచి బయటికి ఇంటర్నెట్ పోదు, లాగుల్లో వచ్చినవాళ్ళందరి ఐపీ బ్రిడ్జి గేట్‌వేదే కనిపిస్తుంది. డాకర్ బదులు రూట్ అధికారం లేకుండా నడిచే పాడ్‌మన్ వాడితే ఈ గొడవే ఉండదు. అక్కడ పోర్టు మీద వినేది మామూలు ప్రాసెస్, ప్యాకెట్ ఇన్‌పుట్ దారినే వస్తుంది, యూఎఫ్‌డబ్ల్యూ ఆపుతుంది.

రాత్రి_దీపం

అందరికీ థ్యాంక్స్. సర్వర్ మొత్తం ఫార్మాట్ చేసి మళ్ళీ కట్టాను, పాతదాన్ని నమ్మబుద్ధి కాలేదు. రెడిస్‌కు పోర్ట్స్ లైను తీసేశాను, పాస్‌వర్డ్ పెట్టాను. అడ్మిన్ పేజీ ఒకటి 127.0.0.1 మీద ఉంది, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌లో చూసుకుంటున్నాం. హాట్‌స్పాట్ మీద నుంచి మళ్ళీ నెట్‌క్యాట్ కొట్టాను, 6379 దగ్గర కనెక్షన్ ఆగిపోయింది. బాస్‌కు ఈ థ్రెడ్ పంపాను. మొదటి జవాబు చదివి నవ్వాడు, మిగతావి చదివాడో లేదో తెలియదు.

ఒక్క సందేహం. డాకర్-యూజర్‌లో రాసిన రూల్స్ రీబూట్ అయితే పోతున్నాయి. ఎక్కడ పెట్టాలి?

తలుపు_గడియ

ఈటీసీ కింద యూఎఫ్‌డబ్ల్యూ ఫోల్డర్‌లో ఆఫ్టర్ రూల్స్ ఫైల్ ఉంటుంది, అందులో డాకర్-యూజర్ చైన్ ప్రకటించి రాయండి. పక్కనే ఆఫ్టర్6 అని ఇంకో ఫైల్ ఉంటుంది, దాన్ని మర్చిపోవద్దు. డాకర్ 27 నుంచి ఐపీవీ6 రూల్స్ కూడా డిఫాల్ట్‌గా తనే రాస్తోంది. మీ నెట్‌క్యాట్ టెస్టు ఐపీవీ4 చిరునామాకే చేసి ఉంటారు. ఐపీవీ6 చిరునామాకూ ఒకసారి కొట్టి చూసి చెప్పండి.