‘తిన్నగా, కడదాకా’: ఒక పాత హత్య సినిమాలోని మాటకు తెలుగు కావాలి

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మీ సాయం కావాలి.

మా మిత్రులు కొందరం కలిసి చూడ్డానికి ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) సినిమాకు తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తున్నాను. దర్శకుడు బిల్లీ వైల్డర్. రేమండ్ చాండ్లర్‌తో కలిసి స్క్రీన్‌ప్లే రాసిందీ ఆయనే. చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. లాస్ ఏంజెలెస్‌లో వాల్టర్ నెఫ్ అనే బీమా ఏజెంటు, కారు పాలసీ రెన్యువల్ కోసం ఒకరింటికి వెళ్తాడు. ఇంటాయన ఉండడు, ఇంటావిడ ఫిలిస్ ఉంటుంది. ఆ చూపుతోనే పడిపోతాడు. ఆమె భర్తకు తెలియకుండా ఆయన చేతే ప్రమాద బీమా కాగితం మీద సంతకం పెట్టించి, ఇద్దరూ కలిసి చంపి, రైల్లోంచి పడి పోయాడని నమ్మిస్తారు. పాలసీ 50,000 డాలర్లు. రైలు ప్రమాదమైతే లక్ష. పేరులోని ‘డబుల్’ అదే.

నా చిక్కు పేరుతో కాదు. ప్రేమికులిద్దరూ ఒకరికొకరు అప్పజెప్పుకునే మాట ఒకటుంది: ‘స్ట్రెయిట్ డౌన్ ద లైన్’. మొదట అతను అంటాడు. పథకంలో ఎక్కడా వెంట్రుకవాసి తేడా రాకూడదని దాని భావం. ఆమె వెంటనే అదే మాట తిరిగి అంటుంది, మంత్రం చెప్పించుకున్నట్టు. తర్వాత అతనికి భయం పట్టుకుని వెనక్కి తగ్గబోయినప్పుడు, కిరాణా సరుకుల అరల మధ్య నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడి, ఆమె ఆ మాటనే గుర్తుచేస్తుంది. ఈసారి భావం వేరు. నన్ను వదిలి నువ్వు దిగిపోలేవు అని. ప్రమాణంగా పుట్టిన మాట బెదిరింపుగా మారింది, ఒక్క అక్షరం కూడా మారకుండా. ఈ సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

అందుకే రెండు చోట్లా ఒకే తెలుగు మాట కావాలి. ‘చివరిదాకా’ అని రాస్తే రెండో చోట సరిపోతుంది, మొదటి చోట తేలిపోతుంది.

*

స్పందన (శ్రీకాకుళం):
మాస్టారూ, మొదటి చోట ‘తు.చ. తప్పకుండా’ అంటే చక్కగా అతుకుతుంది కదండీ? పథకం కదా.

*

స్పందన (వరంగల్):
నేను ముప్పై ఏండ్లు ఎల్‌ఐసీ ఏజెంటుగ చేసిన. సినిమా పేరు మార్చకుండ్రి సార్. మా దగ్గర దీన్ని ఎవరూ తెలుగుల అనరు. ‘డబల్ యాక్సిడెంట్ బెనిఫిట్’ అనే అంటరు, ఇంక తొందరగ చెప్పాల్నంటే ‘డీఏబీ’. పాలసీ తీసుకునేటాయనకైతే ‘యాక్సిడెంట్ల పోతె డబల్ వస్తది’ అని చెప్పేది. ‘రెట్టింపు పరిహారం’ అని రాస్తిరా, గవర్నమెంటు నోటీసు లెక్క ఉంటది.
మీ మాట సంగతి: మా అమ్మ ‘కడదాక’ అనకపోయేది, ‘కాటిదాక’ అంటుండె. అది పెట్టి చూడుండ్రి.

*

మొదటి సభ్యుడు:
శ్రీకాకుళం మేడమ్ గారూ, ‘తు.చ. తప్పకుండా’ నేనూ రాసి చూశానండీ. కానీ అది చదివిన పాఠం ఒప్పజెప్పేవాడి మాట. కోరిక ఉన్నవాళ్ల నోట్లో పలకదు. పైగా రెండో చోట ఆమె ఆ మాటతో అతన్ని పట్టి ఉంచాలి, దాంతో ఎవరినీ కట్టెయ్యలేం.

వరంగల్ పెద్దాయన గారూ, పేరు విషయంలో మీ మాటే ఖాయం. ‘కాటిదాకా’ చదివి మాత్రం ఒళ్లు జలదరించింది. కానీ అది వీళ్ల నోట్లో పెడితే, ఇంకొకరి నోట్లోంచి రావాల్సింది ముందే వచ్చేస్తుంది. క్లెయిములు పరిశీలించే కీస్ (ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ వేషం) నెఫ్‌తోనే అంటాడు, హంతకుడు ఎదురుగా ఉన్నవాడేనని తెలియక: ఇద్దరు కలిసి హత్య చెయ్యడమంటే ట్రాములో వెళ్లడం కాదు, ఎవరి స్టాపులో వాళ్లు దిగడానికి. ఆఖరిదాకా ఇద్దరూ వెళ్లాల్సిందే, ఆ ఆఖరు శ్మశానం. ‘కాడు’ ఇక్కడ రావాలి. ‘ట్రాము’ని ట్రాముగానే ఉంచుతున్నాను. మద్రాసులో 1953 దాకా తిరిగాయి, అక్కడి తెలుగువాళ్లు ఎక్కినవే.

ఇక నా మనసు ‘కడ’ మీద పడింది. కడదాకా తోడుంటాను అని పెళ్లాడతాం. పోయినవాళ్లను చూడ్డానికి వెళ్తే అది కడచూపు. ‘కడతేర్చు’ చూడండి: దేవుడి ముందు నన్ను కడతేర్చు స్వామీ అంటే గట్టెక్కించమని. రేపు పొద్దున పేపరు తెరిస్తే ‘ప్రియుడితో కలిసి భర్తను కడతేర్చిన భార్య’. అచ్చంగా ఈ సినిమా కథే! మొక్కు, మనువు, హత్య మూడూ ఒక్క ‘కడ’లో ఉన్నాయి. ఇంగ్లీషు ‘లైన్’లో రైలు పట్టాలున్నాయి, అది మనకు పోతుంది, ఒప్పుకుంటాను. కానీ వాళ్లకు లేనిది మనకు వచ్చింది.

మొదటి చోట కావాల్సిన ఖచ్చితత్వం కోసం ముందు ‘తిన్నగా’ చేర్చాను. ‘తిన్నగా, కడదాకా.’ అతను అన్నప్పుడు బరువు ‘తిన్నగా’ మీద పడుతుంది. ఆమె అన్నప్పుడు ‘కడదాకా’ మీద.

*

స్పందన (శ్రీకాకుళం):
ఒప్పేసుకున్నానండీ, ‘తు.చ.’ వెనక్కి తీసుకుంటున్నాను. మరి ‘మీరు’, ‘నువ్వు’ ఎలా నడుపుతున్నారు? ఇంగ్లీషులో అంతా ‘యూ’యే కదా.

*

మొదటి సభ్యుడు:
మంచి చోట పట్టుకున్నారు. మొదటి రాకలో ఇద్దరి మధ్యా ‘మీరు’ ఉంచాను. ఆమె కాలిపట్టీ మీద చెక్కిన పేరు గురించి అడుగుతూ అతను ఎంత చొరవ తీసుకున్నా సరే, ‘మీరు’ తోనే. పరాయి ఇంటి ఇల్లాలితో ఏజెంటు అలా మాట్లాడుతుంటేనే వినేవాడికి ఇబ్బంది పుడుతుంది. చంపుదామని ఒప్పుకున్న రాత్రి ‘నువ్వు’లోకి దిగుతారు. మన భాషలో చనువు ఎప్పుడు మొదలైందో దాచలేం, ఏదో ఒక వాక్యంలో తేల్చాల్సిందే.

చివరి రాత్రి సబ్‌టైటిలు ఇంకా ఖాళీగానే ఉంది. ఆమెను దగ్గరగా పట్టుకుని ‘గుడ్‌బై, బేబీ’ అని కాలుస్తాడు. మనం గడప దాటేటప్పుడు ‘వెళ్తాను’ అనం, ‘వస్తాను’ అంటాం. ఇక్కడ ఏమనాలి?

*

స్పందన (వరంగల్):
‘బేబీ’ తీసేయుండ్రి సార్. ‘ఇగ సెలవు, ఫిలిస్.’ పేరు పెట్టి పిలవాలె.

*

మొదటి సభ్యుడు:
‘ఇగ’ని మాత్రం ‘ఇక’ చేస్తున్నాను, మన్నించాలి. మిగతాది మీరు చెప్పినట్టే రాసేశాను.