చర్చ: ముక్క అర్థం కాకపోయినా ఈ పాత ఫ్రెంచ్ పాటలు ఎందుకు వదలట్లేదు?

రాత్రి_రేడియో:
నాకు ఫ్రెంచ్‌లో 'మెర్సీ' (థాంక్స్) తప్ప ఇంకో మాట రాదు. అయినా రెండు నెలలుగా రాత్రి గిన్నెలు తోమేటప్పుడు షార్ల్ ట్రెనే పాడిన 'లా మేర్' (సముద్రం) ఒక్కటే పెట్టుకుంటున్నా. 1946 నాటి రికార్డింగ్. పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు మొదలుపెడతాడు. చివరికొచ్చేసరికి కోరస్, వయొలిన్లు అన్నీ కలిసి లేస్తాయి, వంటగది సరిపోదు. మా ఆవిడేమో "పాత సినిమాలో క్లబ్ పాటలా ఉంది" అంటుంది. ఇందులో నన్ను పట్టుకున్నదేంటో ఎవరైనా చెప్పండి. ఇంకా ఏం వినాలో కూడా.

పాతరికార్డుల_పిచ్చి:
దీన్నే బాబీ డారిన్ ఇంగ్లీషులో 'బియాండ్ ద సీ' అని పాడాడు, అది కూడా వినండి. బాణీ అదే. కానీ ఇంగ్లీషు పాటలో సముద్రం అవతల ప్రియురాలు ఎదురుచూస్తుంటుంది. ట్రెనే పాటలో ఆవిడ లేనే లేదు. వానలో రంగులు మారే నీళ్లు, గొర్రెపిల్లల్లాంటి తెల్లటి అలలు, చెరువు పక్కన తడిసిన రెల్లు, తుప్పు రంగు ఇళ్లు, అంతే. సముద్రాన్ని చూస్తూ నిలబడ్డవాడి పాట అది. దాన్ని ప్రేమపాట చేశాక హుషారొచ్చింది, ఆ నిలబడటం పోయింది. డారిన్‌ది కూడా నాకిష్టమే, అది వేరే సంగతి.

యానాం_వీధి:
మా తాతయ్య ఫ్రెంచ్ బడిలో చదివాడు. యానాం 1954 దాకా వాళ్ల చేతిలోనే ఉంది కదా. ఆయన దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలతో ఒకటి చెబుతా. మామూలుగా మాట్లాడేటప్పుడు ఫ్రెంచ్ వాళ్లు మాట చివర రాసే 'e' అచ్చుని చాలాసార్లు మింగేస్తారు. పాటలో అదే అచ్చు చాలాసార్లు బయటికొస్తుంది. 'లే ఫేయ్ మోర్త్' (ఎండుటాకులు) అనే పాటలో 'మోర్త్' అనరు, 'మోర్-తె' అని రెండు స్వరాల మీద పాడతారు. మనది అజంత భాష. అలా అచ్చుతో ఆగే పాట మన చెవికి సొంతంగా అనిపిస్తుందని నా అనుమానం.

సందేహాల_శాస్త్రి:
తమిళ పాటలు హల్లుతో ఆగినా చెవి కోసుకుంటాం కదండీ! సిద్ధాంతం బాగుంది గానీ...

యానాం_వీధి:
అనుమానం అన్నానండీ, సిద్ధాంతం అనలేదు :)

మధ్యమం:
నేను సంగీతం చెప్పుకునేదాన్ని. నా మటుకు అసలు సంగతి మైకు. 1936లో పారిస్‌లో జాన్ సాబ్లోన్ స్టేజి మీద మైకు పెట్టుకుని పాడితే 'గొంతు లేని గాయకుడు' అని వెక్కిరించారు. మన పద్యనాటకాల వాళ్లు కూడా అప్పట్లో అదే మాట అనుండేవారు, ఆఖరి వరస దాకా రాగం వినిపించాల్సిన కాలం అది. మైకు వచ్చాక అరవక్కర్లేదు. గుసగుసలాడొచ్చు, మాట మధ్యలో ఊపిరి తీసుకోవచ్చు. మీ ట్రెనే పక్కన కూర్చున్నట్టు ఉండటానికి కారణం అదే. 2000లో ఆన్రీ సాల్వడోర్ 83 ఏళ్ల వయసులో ఒక ఆల్బమ్ చేశాడు, 'షాంబ్ర్ అవెక్ వ్యూ'. అంత పెద్దాయన అంత మెల్లగా పాడుతుంటే ఫ్యాన్ కూడా ఆపేసి విన్నాను.

ఇంకోటి. యానాం గారు చెప్పిన ఎండుటాకుల పాటకి జోసెఫ్ కోస్మా బాణీ, కవి జాక్ ప్రెవేర్ మాటలు. ఇంగ్లీషులో 'ఆటమ్ లీవ్స్' అయింది ఇదే. జాజ్ వాళ్లు చాలామంది పల్లవితోనే మొదలుపెట్టేస్తారు. ఈవ్ మోంతాన్ పాడింది వినండి, ముందు మన సాకీలాగా పొడుగ్గా, దాదాపు మాట్లాడుతున్నట్టు ఒక భాగం ఉంటుంది. అది విన్నాక వచ్చే పల్లవికి బరువే వేరు.

డబుల్_బాస్:
జాజ్ అంటున్నారు గానీ గొంతులతోనే జాజ్ పాడిన 'లే దూబ్ల్ సీస్' (రెండు ఆర్లు) పేరెత్తలేదు ఎవరూ! 1959లో మిమీ పెరాన్ అనే ఆవిడ పెట్టిన గ్రూపు. ఆరుగురు పాడి, దాని మీదే మళ్లీ పాడి పన్నెండు గొంతులు చేసేవాళ్లు, పేరు అందుకే. ట్రంపెట్, శాక్సఫోన్ సోలోలకి స్వరం స్వరానికీ ఫ్రెంచ్ మాటలు కుదిర్చేది ఆవిడ. మన కర్ణాటక సంగీతంలో పదవర్ణంలోని ముక్తాయిస్వరానికి సాహిత్యం కట్టినట్టన్నమాట, కాకపోతే రెట్టింపు స్పీడులో. తర్వాత ఆవిడ నవలల అనువాదకురాలైంది. ఆ పని అలవాటైన చెయ్యికి నవల ఏమంత లెక్క!

తీపి_తగ్గించండి:
నాకు మాత్రం ఆ ఆర్కెస్ట్రా పాటల్లో వయొలిన్ల తీపి ఎక్కువైపోతుంది. పాల్ మోరియా 'లవ్ ఈజ్ బ్లూ' 1968లో అమెరికాలో నంబర్ వన్ అంటే నమ్మబుద్ధి కాదు. లిఫ్ట్‌లో వినిపించేదానిలా ఉంటుంది.

పాతరికార్డుల_పిచ్చి:
అయితే సెర్జ్ గేన్స్‌బూర్ 1958 మొదటి ఆల్బమ్ వినండి, అందులో తీపి లేదు. పారిస్ మెట్రోలో రోజంతా టికెట్లకి చిల్లులు పొడిచే ఉద్యోగి పాట ఒకటి ఉంది. చిన్న చిన్న చిల్లులు, ఇంకా చిల్లులు, చివరికి పిచ్చెక్కి తన తలకే ఒక చిల్లు పెట్టుకుందామా అనుకుంటాడు. పాట మాత్రం రైలులా పరుగెడుతుంది. పాత ఆర్టీసీ కండక్టర్ చేతిలో పంచ్ టకటకలాడిన చప్పుడు గుర్తున్నవాళ్లకి వేరే అర్థం చెప్పక్కర్లేదు.

మధ్యమం:
తీపి గురించి ఒక్క మాట. మిషెల్ లెగ్రాన్ సంగీతం చేసిన 1964 సినిమా 'షెర్‌బూర్ గొడుగులు' చూడండి. ప్రతి మాటా పాటే, కారు రిపేరు కబుర్లతో సహా. ఆ గ్యారేజీలో ఒకడు 'నాకు ఆపెరా పడదు' అని కూడా పాడే చెబుతాడు! హీరోయిన్ కాథరిన్ దెనూవ్‌కి డానియెల్ లికారి ప్లేబ్యాక్. వయొలిన్లు బోలెడు ఉంటాయి, కానీ రైల్వే స్టేషన్ సీన్‌లో అవి లేకపోతే ఆ పిల్ల ఏడుపు మనదాకా రాదు.

కొనుగోలు_బాధితుడు:
రికార్డులు కొనేవాళ్లకి హెచ్చరిక. ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో నాలుగు పాటల చిన్న 45లు (నిమిషానికి 45 చుట్లు తిరిగే రికార్డులు) బొమ్మ అట్టలతో వచ్చేవి, చాలా ముద్దుగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఒకాయన '1961 ఒరిజినల్' అంటే ఆవేశంగా కొనేశా. పార్సిల్ విప్పితే అట్ట వెనక బార్‌కోడ్. 1961లో బార్‌కోడ్ ఎక్కడిది స్వామీ!

రాత్రి_రేడియో:
అందరికీ మెర్సీ. మోంతాన్ పాట నిన్న రాత్రి పెట్టా. సాకీ అయ్యేదాకా మా ఆవిడ ఏమీ అనలేదు. పల్లవి మొదలయ్యాక వచ్చి పక్కన నిలబడి రెండు గ్లాసులు తుడిచింది. తర్వాత "ఇది కూడా రెండు నెలలు పెట్టకు" అంది.