మేలు కలయికా, మేలి కలయికా?

విశాఖ సీతమ్మధార నుంచి అడుగుతున్నాను: ఆదివారం మా మేడం గారికి చిన్న సన్మానం. పత్రం రాసే పని నా నెత్తిన పడింది. ఒకప్పుడు పెదజాలరిపేటలో సాయంత్రం బడి పెట్టి, టీచర్ల జీతాలకు తనే ఇల్లిల్లూ తిరిగి చందాలు తెచ్చిన మనిషి. తర్వాత ఊళ్లో టీచర్లకు శిక్షణ. ఇప్పుడేమో ఇంజనీరింగ్ పిల్లల్నీ, చేపల రేవు కళాసీల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి 36 గంటల హ్యాకథాన్లు (ఒక సమస్యకు జట్లుగా పరిష్కారం కట్టే పోటీలు) నడుపుతున్నారు. పైన గురజాడ ముత్యాల సరం వేద్దామని ‘క్రొత్త పాతల మేలి కలయిక’ అని రాసి ఇచ్చాను. ప్రెస్సులో కుర్రాడు ‘మేలు కదండీ’ అన్నాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఏది సరి?

ఎంవీపీ కాలనీ మాస్టారు: మేలు. ఇందులో అనుమానం ఏముంది? ‘గుత్తునా ముత్యాల సరములు’ నుంచి ఒకసారి పైకి చదవండి, నోరే చెబుతుంది.

గాజువాక తమ్ముడు: నోరు ఏం చెబుతుంది మాస్టారూ? ఈ పాదానికి 14 మాత్రలు, మూడూ నాలుగూ మూడూ నాలుగూ. క్రొత్త, పాతల, మేలు, కలయిక. మేలు తీసి మేలి పెట్టినా మూడే. ఛందస్సు ఇక్కడ తీర్పు ఇవ్వదు.

ఎంవీపీ కాలనీ మాస్టారు: అయితే అర్థం చూడు బాబూ. మేలి అంటే శ్రేష్ఠం. మేలిముత్యం, మేలిముసుగు. మేలు అంటే హితం. ఆయన గొప్ప కలయిక అనలేదు, మంచి చేసే కలయిక అన్నాడు. ‘గట్టి మేల్ తలపెట్టవోయ్’ అన్నప్పటి మేలే ఇది.

ఏయూలో తెలుగు ఎమ్మే చేసిన అక్క: మరి మేలుబంతి మాటేమిటి? అది హితం చేసే బంతా? పంతులు పై వరసలో ముత్యాల్లాంటి అక్షరాలు రాసిపెడితే పిల్లలు కింద చూసి దిద్దేది. అక్కడ మేలు అంటే శ్రేష్ఠమైనదనే కదా. మేలు అని చదివి మేలి అర్థం చెప్పుకుంటే ఇద్దరూ గెలుస్తారు.

మాస్టారు: ఇద్దరూ గెలిచేది చర్చ కాదమ్మా, పేరంటం.

సీతమ్మధార: అక్కా, భలే మాట ఎత్తారు. మేడం గారు దారి మార్చిందే దాని వల్ల. ఆవిడ పలకల మీద మేలుబంతి ఎంత అందంగా రాసేవారో! ఒకరోజు హడావిడిలో ఒక మాటకు వత్తు మరిచిపోయారట. ముప్పై మంది పిల్లలూ వత్తు లేకుండానే దిద్దారు. ఒక్కరూ ‘ఇదేంటి టీచర్’ అనలేదు. ఆ మర్నాటి నుంచి పై వరస రాయడం మానేశారు. ‘మీ ఇంట్లో ఏది పాడైంది, దాన్ని ఎలా బాగుచేస్తారు’ అని అడగడం మొదలుపెట్టారు. వల, ఐసు పెట్టె, కిరోసిన్ స్టవ్, అన్నీ బడికి వచ్చాయి. ఇప్పటి హ్యాకథాన్ కూడా అదే పద్ధతి. సమస్య చెప్పేవాడు రేవు నుంచి వస్తాడు, అతను ఒప్పుకునేదాకా ప్రైజు లేదు.

గాజువాక తమ్ముడు: పత్రంలో ఇన్నోవేషన్‌కి ఏ మాట వేశారు?

సీతమ్మధార: ‘ఆవిష్కరణల సారథి’.

అక్క: వద్దు తల్లీ! మన ఊళ్లో ఆవిష్కరణ అని బ్యానర్ కడితే ఇద్దరు కవులు వచ్చి ‘ఏ పుస్తకం?’ అని అడిగి కాఫీ తాగి వెళ్తారు. నవకల్పన వెయ్యండి.

మాస్టారు: కల్పన అంటే లేనిది అల్లడం. చందాలిచ్చినవాళ్లు భయపడరూ?

రేవు దగ్గర్నుంచి ఒక బాబు: ఏటి మాస్టారూ, మా దగ్గర ‘కొత్తది కట్టినారు’ అంటాం. సాలదా?

మాస్టారు: చాలు బాబూ, అదే బాగుంది. అసలు బడిపంతులు ఇలా సారథి కావడం కొత్తేం కాదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు, వాచకాలు రాశారు. ఆ తర్వాతే కదా వ్యావహారిక భాష కోసం ఊరూరా సభలు! స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ యేట్స్ దొర, మన ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, అందరూ ఆయనతో కలిసి నడిచినవాళ్లే. 1919లో సమాజం పెట్టి వీరేశలింగం గారిని అధ్యక్షుణ్ణి చేశారు. పిల్లవాడికి అర్థం కాని భాషలో పాఠం ఏమిటని బళ్లో పుట్టిన ప్రశ్నే అంత దూరం తీసుకెళ్లింది. మీ మేడం గారి వత్తు కథా అలాంటిదే.

గాజువాక తమ్ముడు: గిడుగు గారు వస్తే మాస్టారు ఆగరు. నాకు అసలు అనుమానం తర్వాతి పాదం ‘క్రొమ్మెరుంగులు జిమ్మగా’లో ‘జిమ్మగా’ మీద. క్రొమ్మెరుంగులు ప్రథమా విభక్తి అనుకుంటే చిన్నయసూరి వ్యాకరణం లెక్కన చిమ్మగా కాస్తా ‘సిమ్మగా’ కావాలి, లేదా చిమ్మగానే ఉండాలి. జ ఎక్కడిది?

అక్క: ‘మెరుంగులున్’ అనుకో, ఆ న్ తర్వాత చ పోయి జ వచ్చేస్తుంది.

గాజువాక తమ్ముడు: అనుకుంటే ఏదైనా వస్తుంది అక్కా.

మాస్టారు: గురజాడ చెవితో రాశాడు, సూత్రంతో కాదు. జిమ్మగా అంటే మెరుపు కొంచెం బరువుగా పడుతుంది. నేను 40 ఏళ్లు అలాగే చెప్పాను.

గాజువాక తమ్ముడు: 40 ఏళ్ల మేలుబంతి అన్నమాట.

సీతమ్మధార: మేలు, మేలి తేలేలా లేదు. ప్రెస్సువాడు సాయంత్రం ఐదు దాకా ఆగాడు. ‘మేలు’ అనే ఇచ్చేశాను. ప్రూఫు మేడం గారికి వాట్సాప్‌లో పంపితే ఆవిడ మేలు గురించి ఒక్క ముక్క అనలేదు. ‘కలయక’ అని పడింది, గుడి ఎగిరిపోయింది చూడమ్మా అన్నారు.

మాస్టారు: అసలు అక్కడ యి రాయాలా, ఇ రాయాలా అని...