‘ద నెవర్ ఎండింగ్ స్టోరీ’: నవల సగంలోనే సినిమా ఆగిపోవడం సమంజసమేనా?

ప్రశ్న

మిహాయెల్ ఎండే 1979లో జర్మన్ భాషలో రాసిన ‘ద నెవర్ ఎండింగ్ స్టోరీ’ నవలను, రాల్ఫ్ మాన్‌హైమ్ చేసిన ఇంగ్లిషు అనువాదంలో, మా అబ్బాయికి ఈ మధ్యనే చదివి వినిపించాను. ఆ తరువాత 1984లో వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ దర్శకత్వంలో వచ్చిన సినిమాను ఇద్దరం కలిసి చూశాము. డ్రాగన్ ఎగురుతున్నంతసేపూ వాడు కళ్ళార్పకుండా చూశాడు కానీ, సినిమా అయిపోగానే, ‘అసలు కథ ఇప్పుడే కదా మొదలవ్వాలి, బాస్టియన్ వాళ్ళ నాన్న దగ్గరికి ఎప్పుడు వెళ్తాడు?’ అని అడిగాడు.

నవల చదవనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. తల్లిని పోగొట్టుకొన్న బాస్టియన్ లావుగా, పిరికిగా ఉంటాడు; తోటి పిల్లలు వాణ్ణి ఏడిపిస్తూ ఉంటారు; భార్య పోయిన దుఃఖంలో మునిగిపోయిన తండ్రి కొడుకుతో సరిగా మాట్లాడడు. వాడు పాత పుస్తకాల దుకాణం నుంచి ఒక పుస్తకం ఎత్తుకొచ్చి, బడి అటక మీద దాక్కొని చదువుతాడు. ఆ పుస్తకంలోని ఫాంటాస్టికా లోకాన్ని ‘శూన్యం’ మింగేస్తూ ఉంటుంది. మనుషుల లోకం నుంచి ఎవరైనా వచ్చి బాల సామ్రాజ్ఞికి కొత్త పేరు పెడితేనే ఆ లోకం బతుకుతుంది. బాస్టియన్ ఆ పేరు పలకడం నవలకు సరిగ్గా నడిమి ఘట్టం. సినిమాకు మాత్రం అదే దాదాపు ముగింపు.

ఎండే ఈ సినిమాను తీవ్రంగా వ్యతిరేకించారనీ, కోర్టుకు వెళ్ళి ఓడిపోయారనీ, మొదటి టైటిళ్ళలో తన పేరు లేకుండా చేయించుకొన్నారనీ చదివాను. అయితే, ఈ సినిమాను చిన్నప్పుడు చూసి నేటికీ ప్రేమగా తలచుకొనేవారు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఇలాంటప్పుడు ఒక పిల్లల నవల సినిమాగా మారిన తీరు సరైనదో కాదో నిర్ణయించడానికి దేనిని కొలమానంగా తీసుకోవాలి? గంటన్నర సినిమాలో సగం కథ వదిలేయడం తప్పనిసరి అనుకొని ఊరుకోవాలా?

మొదటి సమాధానం

మీ అబ్బాయి సరైన చోటే వేలు పెట్టాడండీ. అయినా, సగంలో ఆపడమే తప్పు అని నేను అనను. ఆ నవలలో 26 అధ్యాయాలు ఉన్నాయి. ఒక్కొక్క అధ్యాయం అక్షరమాలలోని ఒక్కొక్క అక్షరంతో వరుసగా మొదలవుతుంది. మొదటి 12 అధ్యాయాల్లో, ఫాంటాస్టికాను కాపాడే దారి వెతకడానికి బయలుదేరిన బాలుడు అట్రేయు అన్వేషణ, బాస్టియన్ పేరు పలకడం ముగుస్తాయి. అక్కడ ఒక సహజమైన విరామం ఉంది కాబట్టి, మొదటి సినిమాను అక్కడ ఆపాలనుకోవడంలో తర్కం ఉంది. నా అభ్యంతరమంతా ఆపిన తరువాత అతికించిన చివరి కొన్ని నిమిషాల గురించే.

నవలలోని రెండవ సగానికి ఒక కఠినమైన నియమం ఆధారం. పేరు పలికి ఫాంటాస్టికాలోకి వెళ్ళిన బాస్టియన్ మెడలో పడిన ఆరిన్ పతకం వెనక ‘నీకు ఇష్టమైనది చెయ్యి’ అన్న అర్థంలో ఒక మాట చెక్కి ఉంటుంది. వాడు ఏది కోరుకొంటే అది జరుగుతుంది, కానీ నెరవేరిన ప్రతి కోరికకూ మానవ లోకానికి చెందిన ఒక జ్ఞాపకం చెరిగిపోతుంది. అందగాడు కావాలనుకొన్నవాడు తాను లావుగా ఉండేవాణ్ణన్న సంగతి మరిచిపోతాడు; బలవంతుడు, ధైర్యవంతుడు అవుతూ అవుతూ చివరికి ఆ లోకానికి చక్రవర్తి కావాలనుకొని, తన ప్రాణస్నేహితుడైన అట్రేయు మీదనే కత్తి దూసి గాయపరుస్తాడు. జ్ఞాపకాలన్నీ పోగొట్టుకొని ఇక తిరిగి వెళ్ళలేక అక్కడే చిక్కుకుపోయిన పూర్వపు చక్రవర్తుల నగరాన్ని చూసినప్పుడు గానీ తాను ఎటు పోతున్నాడో వాడికి అర్థం కాదు. ఆ తరువాత మంచు కింది గనిలో, మనుషులు మరిచిపోయిన కలలు బొమ్మలుగా పేరుకొని ఉండే చోట, వాడికి తండ్రి బొమ్మ దొరుకుతుంది. ఇంటికి తిరిగి వెళ్ళే దారైన జీవజలాన్ని చేరే వేళకు వాడికి తన పేరు కూడా గుర్తుండదు. వాడి తరఫున అట్రేయు నిలబడి మాట్లాడతాడు.

ఇక సినిమా ముగింపు చూడండి. ఎన్ని కోరికలు కోరుకొంటే అంత మంచిదని సామ్రాజ్ఞి చెబుతుంది; బాస్టియన్ డ్రాగన్ మీద ఎక్కి మానవ నగరపు వీధుల్లోకి వచ్చి తనను ఏడిపించిన పిల్లలను తరుముతాడు. నవలలో గ్మోర్క్ అనే తోడేలు అట్రేయుకు చెప్పే ఒక భయంకరమైన సత్యం ఉంది: శూన్యంలో పడిన ఫాంటాస్టికా ప్రాణులు మన లోకంలోకి అబద్ధాలుగా, భ్రమలుగా వచ్చి చేరతాయి, అధికారం కోరేవారు ఆ అబద్ధాలతోనే మనుషులను లొంగదీసుకొంటారు. ఊహకూ అబద్ధానికీ మధ్య ఎండే అంత జాగ్రత్తగా గీసిన గీతను ఆ వీధి దృశ్యం చెరిపేసింది. కోరికకు వెల ఉంటుందని చెప్పిన కథ ఖర్చు లేకుండా పగ తీర్చే కథ అయింది. సంఘటనలు వదిలేయవచ్చు, పాత్రలను కలిపేయవచ్చు, అట్రేయు ఆకుపచ్చ రంగు చర్మాన్ని మామూలుగా చూపవచ్చు. కానీ ఆ కల్పిత లోకం ఏ నియమం మీద నడుస్తుందో ఆ నియమాన్ని తలకిందులు చేయకూడదు. మీరు అడిగిన కొలమానం నా దృష్టిలో ఇదే.

రెండవ సమాధానం

పైన రాసినవారి వాదన చివరి దృశ్యం వరకూ నాకు పూర్తిగా సమ్మతమే. అయితే ఆ దృశ్యాన్ని చూసి సినిమా మొత్తాన్ని తోసిపుచ్చడం అన్యాయమని మనవి చేస్తున్నాను.

కంప్యూటర్ బొమ్మలు ఇంకా విరివిగా అందుబాటులోకి రాని రోజుల్లో మ్యూనిక్ శివార్లలోని బవేరియా స్టూడియోలో, యంత్రాలతో కదిలే బొమ్మలతో, చేతితో గీసిన నేపథ్య చిత్రాలతో ఆ లోకాన్ని నిర్మించారు. సుమారు 6 కోట్ల జర్మన్ మార్కులు ఖర్చయ్యాయి; అప్పటికి జర్మనీలో అంత ఖరీదైన సినిమా మరొకటి లేదు. అంత డబ్బు తిరిగి రావాలంటే అమెరికాలో ఆడి తీరాలి. అందుకే అమెరికా ప్రతిని కొంత కుదించి, క్లాస్ డోల్డింగర్ సంగీతానికి జోర్జో మొరోడర్ బాణీలు కలిపి, లిమాల్ పాడిన పాటను చేర్చారు. ఉల్లాసంగా ముగించాలన్న ఒత్తిడి కూడా ఈ లెక్కల నుంచే వచ్చి ఉంటుందని నా అభిప్రాయం.

అయినా ఆ పరిమితుల్లోనే పీటర్సన్ సాధించినది చిన్నదేమీ కాదు. విషాదపు బురదలో అట్రేయు గుర్రం ఆర్టాక్స్ మునిగిపోయే ఘట్టాన్ని గుర్తు చేసుకోండి. నవలలో ఆ గుర్రం మాట్లాడుతుంది, తనలో ఆశ ఎలా ఆరిపోతున్నదో తానే చెబుతుంది. సినిమాలో గుర్రానికి మాటలు లేవు. అట్రేయు కళ్ళెం పట్టుకొని లాగుతూ, బతిమాలుతూ, చివరికి అరుస్తూ ఉంటే అది కదలకుండా నిలబడి దిగిపోతుంది. మాట తీసివేయడం వల్ల ఆ దృశ్యానికి బలం పెరిగింది. చూసిన పిల్లలెవరూ దాన్ని మరిచిపోలేకపోయారు. అలాగే నవలలో మన లోకపు కథను ఎర్ర సిరాతో, ఫాంటాస్టికా కథను నీలం కలిసిన ఆకుపచ్చ సిరాతో అచ్చు వేశారు. తెర మీద ఆ పని వాన కురుస్తున్న అటక చేసింది. అట్రేయు ప్రయాణం నుంచి కొవ్వొత్తి వెలుగులో దుప్పటి కప్పుకొన్న బాస్టియన్ వైపు, మళ్ళీ అటువైపు కెమెరా తిరిగినప్పుడల్లా, చదవడం అనే క్రియే మన కళ్ళ ముందు జరుగుతుంది. చదువుతున్న పిల్లవాడు భయంతో వేసిన కేక కథలోని పాత్రలకు వినిపించడాన్ని కూడా వదలలేదు, ఘట్టం మార్చి వాడుకొన్నారు. రచయిత ఆలోచన తెలియనివారు చేయగల పని కాదిది.

ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు వస్తే, ఫిలిప్ పుల్‌మన్ నవలత్రయంలోని మొదటి నవల ఆధారంగా 2007లో వచ్చిన సినిమా ‘ద గోల్డెన్ కంపాస్’ను చూడండి. నవలలోని చివరి మూడు అధ్యాయాలను తరువాతి సినిమాకు అట్టిపెట్టి ముందే ముగించారు. ఆ తరువాతి సినిమా రాలేదు. ఆ నవలత్రయం తెర మీద పూర్తి కావడానికి 2019 నుంచి 2022 వరకు మూడు సీజన్లుగా వచ్చిన టెలివిజన్ ధారావాహిక అవసరమైంది. దానితో పోలిస్తే పీటర్సన్ కనీసం నవలే విరామం ఇచ్చిన చోట ఆగారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆర్టాక్స్ దృశ్యం దగ్గర మా అబ్బాయి నా చెయ్యి పట్టుకొన్నాడు, కాబట్టి రెండవవారి మాటను కాదనలేను. ఒక చిన్న సందేహం మిగిలింది. మిగతా సగం కథ 1990లో వచ్చిన రెండవ భాగంలో ఉందని అంటున్నారు. దాన్ని వాడికి చూపించవచ్చునా?

మూడవ సమాధానం

చూపించవచ్చునండీ, కానీ మీ అబ్బాయి అడిగిన కథ అందులో దొరుకుతుందని ముందుగా మాట ఇవ్వకండి. 1990 నాటి రెండవ భాగానికి జార్జ్ మిల్లర్ అనే ఆస్ట్రేలియా దర్శకుడు పనిచేశారు (అదే పేరుతో ప్రసిద్ధుడైన మరొక ఆస్ట్రేలియా దర్శకుడు వేరు). కోరికకు ఒక జ్ఞాపకం చొప్పున పోవడం అందులో ఉంది. అయితే ఆ పని చేసేది క్సాయిడే అనే మంత్రగత్తె సమకూర్చుకొన్న ఒక యంత్రం. నవలలో కూడా క్సాయిడే బాస్టియన్‌ను పొగడ్తలతో దారి తప్పిస్తుంది, కానీ జ్ఞాపకాలు పోవడానికి ఆమె కారణం కాదు. అది పతకంలోనే, కోరుకోవడంలోనే ఉన్న గుణం. తప్పును మంత్రగత్తె మీదికి నెట్టేయగానే బాస్టియన్ కేవలం బాధితుడు అవుతాడు. ఆమె ఓడిపోతే సమస్య కూడా తీరిపోతుంది. నవలలో వాడు చేసిన తప్పు వాడిదే, తిరిగి రావడానికి పడిన శ్రమ కూడా వాడిదే. పిల్లల సినిమాకు ఒక దుష్టపాత్ర తప్పదనే అలవాటు ఇంత నష్టం చేస్తుందని ఆ సినిమా చూసేవరకు నేను అనుకోలేదు.

రచయిత అనుమతి ఇస్తే సరిపోతుందా అన్న విషయం కూడా ఇక్కడ ఉంది. ఎండే హక్కులు ఇచ్చారు, మొదట్లో స్క్రిప్టు పనిలో పాలుపంచుకొన్నారు. తరువాత స్క్రిప్టు తనకు సమ్మతం కాని తీరులో మారిపోయిందన్నదే ఆయన బాధ. దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ డయానా విన్ జోన్స్‌ది. ఆమె 1986 నాటి నవల ‘హౌల్స్ మూవింగ్ కాజిల్’ను 2004లో హయావో మియజాకి యుద్ధాన్ని ఎంతో పెంచి, కథనే చాలావరకు మార్చి తీసినా, ఆమె ఆ సినిమాను మనస్ఫూర్తిగా మెచ్చుకొన్నారు. కథ మారిందా లేదా అన్నదాని కన్నా, మార్చిన మనిషికి ఆ కథతో సొంతంగా చెప్పవలసినది ఏమైనా ఉందా అన్నది ఆమెకు ముఖ్యమై ఉంటుందని నేను భావిస్తున్నాను.

2024లో సీ సా ఫిల్మ్స్ సంస్థ, ఎండే రచనల హక్కులు చూసేవారితో కలిసి, ఈ నవలను ఒకటి కన్నా ఎక్కువ సినిమాలుగా తీస్తామని ప్రకటించింది. కాబట్టి సగం కథ వదిలేయవలసిన అవసరం ఈసారి ఉండకపోవచ్చు. నేను ముఖ్యంగా ఎదురు చూసేది ఒక్క ఘట్టం కోసం. బాస్టియన్ పేరు పలకడానికి జంకుతున్నప్పుడు సామ్రాజ్ఞి, ఆ లోకంలో జరిగేదంతా రాస్తూ ఉండే సంచార పర్వతపు వృద్ధుడి దగ్గరికి వెళ్ళి కథను మొదటి నుంచి చెప్పమంటుంది. అతను చెప్పే కథ దుకాణంలో పుస్తకం ఎత్తుకొచ్చిన దగ్గర మొదలై, మళ్ళీ వృద్ధుడి దగ్గరికే వచ్చి, మళ్ళీ మొదలవుతుంది. బాస్టియన్ నోరు విప్పితే తప్ప ఆ చక్రం ఆగదు. 1984 సినిమాలో ఈ ఘట్టం లేదు, కూలిపోతున్న గోపురంలో సామ్రాజ్ఞి కన్నీళ్ళతో వేడుకోవడం మాత్రమే ఉంది. చదువరి మీద బాధ్యత పెట్టిన ఆ ఘట్టాన్ని తెర మీద చూపగలిగితే, రెండవ సగంలో వాడు చెల్లించే వెల కూడా ప్రేక్షకులకు దానంతట అదే అర్థమవుతుంది.

మీ అబ్బాయికైతే, రెండవ భాగం చూపించే ముందు నవలలోని చివరి రెండు అధ్యాయాలను మరొకసారి చదివి వినిపించండి. తండ్రి కళ్ళలో నీళ్ళు చూసిన బాస్టియన్, మరునాడు దుకాణదారు దగ్గరికి వెళ్ళి దొంగతనం తనంతట తానుగా ఒప్పుకొంటాడు కదా. ఆ రెండూ సినిమాలో ఉన్నాయా అని వాడినే వెతకమనండి.