లాడ్జిలో తెరిచి ఉంచే పవిత్ర గ్రంథం: ఎందుకు, ఏది, ఎలా?

తొలిమెట్టు:
ఫ్రీమేసన్ లాడ్జిలో (పాత రాతిపనివాళ్ల ఆచారాలు పాటించే సోదర సంఘపు శాఖలో) సమావేశం నడుస్తున్నంతసేపూ ఒక పవిత్ర గ్రంథం తెరిచి ఉంటుందనీ, దాని మీద మూలమట్టం (లంబకోణం సరిచూసే పనిముట్టు), కంపాస్ (వృత్తాలు గీసే రెండు మొనల పనిముట్టు) పెడతారనీ, ఈ మూడింటినీ కలిపి మూడు మహాజ్యోతులు అంటారనీ చదివాను. అసలు ఆ గ్రంథం అక్కడ ఎందుకు? బైబిలే ఉండాలా? ఏ పుట తెరవాలో ఎవరు నిర్ణయిస్తారు? గుర్తుమాటలు, సంకేతాలు నాకు అక్కర్లేదు. గ్రంథం గురించి తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పాతపుటలు:
మొదట అది ప్రమాణం కోసం వచ్చింది, అంతే. ఇంగ్లండులో రాతిపనివాళ్ల పాత నియమావళి ప్రతులు చాలా మిగిలాయి. 1583 తేదీ ఉన్న ప్రతిలో పద్ధతి స్పష్టంగా రాసి ఉంది: పెద్దల్లో ఒకరు గ్రంథం పట్టుకోవాలి, చేరేవాడు దాని మీద చెయ్యి ఉంచాలి, అప్పుడు నియమాలు చదివి వినిపించాలి. 1696 నాటి ఎడింబరో రాతప్రతిలో కూడా బైబిల్ మీద కుడిచెయ్యి పెట్టించి ప్రమాణం చేయిస్తారు. ఆ ప్రతుల్లో గ్రంథానికి సంకేతార్థం ఏమీ చెప్పలేదు. మాట తప్పితే ఎవరికి జవాబు చెప్పుకోవాలో గుర్తు చెయ్యడమే దాని పని.

అర్థం తరవాత పెరిగింది. 1730లో సామ్యూల్ ప్రిచర్డ్ లండన్‌లో లాడ్జి ప్రశ్నోత్తరాలను బయటపెడుతూ అచ్చేసిన పుస్తకంలో బైబిల్, కంపాస్, మూలమట్టం లాడ్జి సామగ్రి కింద వస్తాయి. బైబిల్ దేవుడిది, కంపాస్ మాస్టర్‌ది, మూలమట్టం రెండో మెట్టు సభ్యుడైన ఫెలోక్రాఫ్ట్‌ది అని పంచి చెబుతాడు. అందులో లాడ్జి వెలుగులు మూడూ వేరు: సూర్యుడు, చంద్రుడు, మాస్టర్ మేసన్. 1760లో వచ్చిన మరో బహిర్గత పుస్తకం నాటికి బైబిల్, మూలమట్టం, కంపాసే మహాజ్యోతులు. మొదటిది విశ్వాసాన్ని నడుపుతుంది, రెండోది పనులను సరిచేస్తుంది, మూడోది మనిషిని హద్దులో ఉంచుతుంది. అంటే అచ్చులో మనకు కనిపించే మేరకు, ముప్పై ఏళ్లలో సామగ్రి కాస్తా వెలుగు అయింది. "అనాదిగా ఇలాగే ఉంది" అని ఎవరైనా చెబితే ఈ రెండు తేదీలూ గుర్తుంచుకోండి.

తూర్పుపీఠం:
బైబిలే ఉండాలా అన్నదానికి నియమం చూద్దాం. 1717లో లండన్‌లో లాడ్జిలకు పైసంస్థగా గ్రాండ్ లాడ్జి ఏర్పడింది, 1723లో ఆండర్సన్ నియమావళి అచ్చయింది. దాని మొదటి నియమం మేసన్లకు మనుషులందరూ ఒప్పుకునే మతం చాలంటుంది, మిగతా అభిప్రాయాలు ఎవరివి వారికి వదిలేస్తుంది. తలుపు తెరిచింది ఆ వాక్యమే, కానీ ప్రమాణం దేని మీద చెయ్యాలో అందులో తేల్చలేదు.

తేల్చింది 1929లో. ఆ ఏడాది సెప్టెంబరు 4న యునైటెడ్ గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇంగ్లండ్, ఇతర గ్రాండ్ లాడ్జిలను గుర్తించడానికి ఎనిమిది మూలసూత్రాలు ఆమోదించింది. మన ప్రశ్నకు వాటిలో రెండు ముఖ్యం. ఒకటి: కొత్తగా చేరే ప్రతి ఒక్కరూ తెరిచిన పవిత్ర గ్రంథం మీద గానీ, అది పూర్తిగా కళ్లెదుట ఉండగా గానీ ప్రమాణం చెయ్యాలి, పవిత్ర గ్రంథమంటే ఆ చేరే వ్యక్తి మనస్సాక్షిని కట్టిపడేసే దైవవాక్కు. రెండు: లాడ్జి పనిలో ఉన్నంతసేపూ మూడు మహాజ్యోతులూ కనిపించాలి, వాటిలో ప్రధానం గ్రంథం. "ఆ చేరే వ్యక్తి" అన్న షరతే మొత్తానికి ప్రాణం. లాడ్జి అందరికీ ఒక గ్రంథాన్ని రుద్దదు. ప్రమాణం చేసేవాడు దేనికి భయపడతాడో, దేన్ని ప్రేమిస్తాడో అదే అక్కడ ఉండాలి. తాను నమ్మని పుస్తకం మీద చేసిన ప్రమాణం ఎవరినీ కట్టదు.

ఆచరణలో ఇంగ్లండు లాడ్జిల్లో బైబిల్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, చేరే వ్యక్తి గ్రంథం వేరైతే అది కూడా పెడతారు. 1961లో ఏర్పడిన గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఐదింటిని గుర్తిస్తుంది: భగవద్గీత, ఖురాన్, బైబిల్, గురు గ్రంథ్ సాహిబ్, పార్సీల జెండ్ అవెస్తా. ఇజ్రాయెల్ గ్రాండ్ లాడ్జి యూదుల తనఖ్‌నూ (హీబ్రూ బైబిల్), క్రైస్తవుల బైబిల్‌నూ, ఖురాన్‌నూ పక్కపక్కన ఉంచుతుంది.

పాతపుటలు:
ఈ విస్తరణ గొడవ లేకుండా రాలేదని కూడా చెప్పాలి. కలకత్తాలో హిందువులను చేర్చుకోవచ్చా అన్న వాదం 1860లలో ఏళ్ల తరబడి నడిచింది. ఒకే పరమేశ్వరుణ్ణి నమ్ముతారా, వాళ్ల ప్రమాణం దేని మీద అన్నవే అసలు ప్రశ్నలు. 1872లో ప్రసన్న కుమార్ దత్ ప్రవేశంతో అక్కడ ఆ తలుపు తెరుచుకుంది.

గ్రంథపాలి:
ఆచరణ దగ్గరికి వస్తాను, ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. చేరే వ్యక్తిని "మీ మతం ఏమిటి?" అని అడిగి ఊరుకోకూడదు. "మీ మాటను కట్టేది ఏ గ్రంథం?" అని అడగాలి, ఆ రోజు సాయంత్రం కాకుండా దరఖాస్తు సమయంలోనే. క్రైస్తవ కుటుంబంలో పుట్టి వేరే గ్రంథం కోరేవాళ్లున్నారు, ఒకే మతంలో వేర్వేరు ప్రతులు కోరేవాళ్లూ ఉన్నారు. జవాబును సెక్రటరీ రాసిపెట్టుకుంటే తరవాతి డిగ్రీల్లో (సభ్యుడు ఎక్కే మెట్లలో) మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

ఖురాన్ మీద ఏ వస్తువూ పెట్టకూడదన్నది ముస్లింలు పాటించే మర్యాద. కాబట్టి మూలమట్టం, కంపాస్ బైబిల్ మీదే ఉంచి, ఖురాన్‌ను దాని పక్కన, అదే ఎత్తులో లేదా కాస్త పైన, శుభ్రమైన బట్ట మీద పెట్టాలి. కింద అరలో పెట్టడం, మరో పుస్తకం కింద దొంతరగా పెట్టడం పెద్ద తప్పు. వుజూ (ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే శుద్ధి) లేకుండా ముట్టుకోనంటే "కళ్లెదుట ఉండగా" అన్న మాట అక్కరకొస్తుంది. ముట్టకుండానే ప్రమాణం చెల్లుతుంది.

సిక్కు సోదరుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గురు గ్రంథ్ సాహిబ్ 1430 పుటల సంపుటం. దాన్ని సజీవ గురువుగా చూస్తారు. ఆసనం, చాందినీ, తల కప్పుకోవడం, తోడుగా సేవకుడు, ఇవన్నీ కావాలి. లాడ్జి బల్ల మీద మిగతావాటి వరసలో దాన్ని పెట్టడం చాలామందికి బాధ కలిగిస్తుంది. నిత్యపఠనం ప్రార్థనలున్న, గుట్కా అనే చిన్న పుస్తకం పెడితే సరిపోతుందా అని ఆయన్నే అడగండి. గుట్కాకీ శుభ్రమైన బట్ట, ఎత్తైన చోటు తప్పనిసరి.

యూదు సోదరులకు తనఖ్. అది కుడి నుంచి తెరుచుకుంటుంది. తెలియనివాళ్లు తలకిందులుగా పెట్టేస్తారు.

తొలిమెట్టు:
ఇంత వివరం ఎక్కడా దొరకలేదండి. మరి పుటల సంగతి? ఎక్కడైనా తెరవొచ్చా?

గ్రంథపాలి:
ఒకే ప్రపంచ నియమం లేదు. అమెరికా లాడ్జిల్లో బాగా స్థిరపడిన వాడుక ఇది: మొదటి డిగ్రీకి కీర్తనలు 133, "సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు" అన్నది. రెండో డిగ్రీకి ఆమోసు 7:7-8, మట్టపు గుండు పట్టుకుని గోడ మీద ప్రభువు నిలబడిన దర్శనం. మూడో డిగ్రీకి ప్రసంగి 12, ముసలితనం, మరణం, ఆత్మ దేవుని దగ్గరికి తిరిగి వెళ్లడం. ఎంపికలో తర్కం ఉంది: ముందు సోదరత్వం, తరవాత కొలత, చివర మృత్యువు. ఇంగ్లండులో లాడ్జికో వాడుక. రూతు 4, న్యాయాధిపతులు 12, 1 రాజులు 6-7, 2 దినవృత్తాంతములు ఇలా. ఐరోపా ఖండంలో చాలాచోట్ల యోహాను సువార్త మొదటి అధ్యాయం. మీ లాడ్జి వాడుకేమిటో పాస్ట్ మాస్టర్లని, అంటే ఇదివరకు లాడ్జి అధిపతులుగా (మాస్టర్లుగా) ఉన్నవాళ్లని అడగడమే దారి.

కీర్తన సంఖ్య చూసుకోండి. వల్గేట్ (లాటిన్ బైబిల్) లెక్క పాటించే పాత కాథలిక్ ప్రతుల్లో, ఆర్థడాక్స్ ప్రతుల్లో మన 133 అక్కడ 132 అవుతుంది. సంఖ్య మాత్రమే చూసి తెరిస్తే పక్క కీర్తన వస్తుంది. మొదటి వాక్యం చదివి సరిచూసుకోవాలి. తనఖ్‌లో కీర్తనలు ప్రవక్తల తరవాతి భాగంలో వస్తాయి, మధ్యలో వెతికితే దొరకవు.

రాతిచెక్కుడు:
మూలమట్టం, కంపాస్ అమరిక కూడా రాస్తే బాగుంటుంది. మొదటి డిగ్రీలో కంపాస్ రెండు మొనలూ మూలమట్టం కింద. రెండో డిగ్రీలో ఒక మొన పైకి. మూడోదానిలో రెండూ పైకి. డిగ్రీ మారేటప్పుడు పుట తిప్పి, మొనలు మార్చడం మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు, ముఖ్యంగా ఒకే సాయంత్రం రెండు డిగ్రీలు నడిపినప్పుడు. ఇంగ్లండు పద్ధతిలో గ్రంథం తూర్పున మాస్టర్ పీఠం మీద ఉంటుంది. తెరిచి అమర్చడం సాధారణంగా ఆయనకు ముందు మాస్టర్‌గా ఉన్నవారి పని. అమెరికాలో గది మధ్యన వేదిక మీద ఉంటుంది. దూరం నుంచి మొనలు కనబడవు కాబట్టి అక్కడ పొరపాటు ఎవరూ గమనించకుండానే గడిచిపోతుంది.

నడిమెట్టు:
నాదొక అభ్యంతరం. లాడ్జిలో చెప్పే హీరాము కథ, అంటే సొలొమోను గుడి కట్టిన పనివాడి హత్య కథ, బైబిల్ నుంచే వచ్చిందని చాలామంది చెబుతారు. అలా అయితే గ్రంథం ప్రమాణం కోసం మాత్రమే అనడం ఎలా కుదురుతుంది?

పాతపుటలు:
కథలోని మనుషులు, గుడి, స్తంభాలు బైబిల్‌వి. హత్య మాత్రం బైబిల్‌లో లేదు. 1 రాజులు 7:14లో హీరాము అనే ఈ తూరు పనివాడు నఫ్తాలి గోత్రపు విధవరాలి కుమారుడు, 2 దినవృత్తాంతములు 2:14లో అతని తల్లి దాను గోత్రపు స్త్రీ. గుడి పూర్తయ్యేదాకా అతను పని చేశాడని గ్రంథం చెబుతుంది, చంపారని చెప్పదు. స్తంభాల ఎత్తు కూడా అంతే: 1 రాజులు 7:15లో 18 మూరలు, 2 దినవృత్తాంతములు 3:15లో 35 మూరలు. లాడ్జి ఉపన్యాసంలో ఒక్క అంకె వింటాం. గ్రంథం రెండు చెబుతోంది. ఉపన్యాసం ఇచ్చేవాళ్లు తాము ఏ అధ్యాయం నుంచి చెబుతున్నారో తెలుసుకుని చెప్పడం గ్రంథానికి ఇచ్చే కనీస గౌరవం.

మీ ప్రశ్నకు జవాబు మూడో డిగ్రీ తరవాత వచ్చే రాయల్ ఆర్చ్ డిగ్రీలో ఉందని నా అభిప్రాయం. అక్కడ గ్రంథం కథలోకే వచ్చేస్తుంది. ఐర్లండు పద్ధతిలో యోషీయా రాజు గుడి బాగుచేయిస్తుంటే ధర్మశాస్త్రం దొరకడం, అంటే 2 రాజులు 22లో హిల్కీయా కనుగొన్న ఘట్టం. ఇంగ్లండు పద్ధతిలో జెరుబ్బాబెలు కాలం, బబులోను చెర నుంచి తిరిగొచ్చినవాళ్లు శిథిలాల్లో వెలికితీసేది. పోయినదాన్ని మళ్లీ కనుక్కోవడమే ఆ డిగ్రీ సారం. కాబట్టి ప్రమాణం పునాది, దాని మీద అర్థాలు ఒక్కొక్కటిగా కట్టుకుంటూ వచ్చారు.

నడిమెట్టు:
మరి గ్రంథమే లేని లాడ్జిలు?

తూర్పుపీఠం:
ఉన్నాయి. 1877లో గ్రాండ్ ఓరియంట్ ఆఫ్ ఫ్రాన్స్ దేవునిపై విశ్వాసం, ఆత్మ అమరత్వం అన్న షరతును తన నియమావళి నుంచి తీసేసింది. ప్రతిపాదనకు వాదించింది ఫ్రెడరిక్ డెమోన్ అనే ప్రొటెస్టెంట్ పాస్టర్. మనస్సాక్షికి పూర్తి స్వేచ్ఛ ఉండాలన్నది ఆయన వాదం. ఇంగ్లండు ఆ సంబంధం తెంచుకుంది, ఈ రోజుకీ అతకలేదు. అలాంటి లాడ్జిల్లో నియమావళి పుస్తకమో, పుటలు ఖాళీగా ఉన్న పుస్తకమో పెడతారు. 1913లో ఫ్రాన్స్‌లోనే వేరుపడి ఇంగ్లండు గుర్తింపు పొందిన గ్రాండ్ లాడ్జి ఒప్పుకున్న షరతుల్లో, పనివేళ బైబిల్ వేదిక మీద తెరిచి ఉండాలన్నది ఒకటి.

ఖాళీ పుస్తకం పెట్టినవాళ్లను నేను తక్కువ చెయ్యను. కానీ 1929 సూత్రం ప్రకారం చూస్తే అది మనిషి తనకు తాను ఇచ్చుకున్న మాట అవుతుంది. తనకన్నా పైవాడికి ఇచ్చిన మాట కాదు. తేడా అక్కడే ఉంది.

నడిమెట్టు:
అన్ని గ్రంథాలూ సమానమే అని లాడ్జి చెబుతోందని చర్చిలు విమర్శిస్తాయి కదా.

తూర్పుపీఠం:
పక్కపక్కన పెట్టడం చూసి అలా అనిపించడం సహజం. కానీ లాడ్జి ఆ తీర్పు ఇవ్వదు, ఇచ్చే అధికారమూ లేదు. లోపల మతచర్చ నిషేధం. మేసన్రీ మతం కాదనీ, మతానికి బదులు కాదనీ, ముక్తిని ఇస్తానని చెప్పదనీ ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి ప్రకటించింది. ఎవరి గ్రంథం వాళ్లకు పూర్తి సత్యమే. పక్కవాడి గ్రంథం పక్కన ఉన్నందుకు అది తగ్గదు.

రాతిచెక్కుడు:
ప్రతి ఎంపిక గురించి ఒక్క మాట. "మేసన్ బైబిల్" అని అమ్మే ప్రతుల్లో ముందు పుటల్లో లాడ్జి చరిత్ర, పదకోశం, డిగ్రీల తేదీలు రాసుకునే చోటు ఉంటాయి. ఆ పుటలు గ్రంథంలో భాగం కావు. వాటి దగ్గర తెరిచి పెట్టకూడదు.

తొలిమెట్టు:
చివరిగా ఒకటి. ఆదికాండము 28 దగ్గర, అంటే యాకోబు నిచ్చెన దగ్గర తెరిస్తే కంపాస్ జారిపోతుందని విన్నాను. నిజమేనా?

గ్రంథపాలి:
నిజమే, కారణం మామూలుది. ఆదికాండము పుస్తకం మొదట్లో ఉంటుంది కాబట్టి ఎడమవైపు పుటలు తక్కువ, కుడివైపు దొంతర ఎత్తు. ఉపరితలం ఏటవాలుగా ఉంటుంది, ఇత్తడి కంపాస్ జారుతుంది, జారుతూ కాగితం గీస్తుంది. కీర్తనలు, ప్రసంగి ఇంచుమించు మధ్యకు వస్తాయి కాబట్టి సమంగా పరుచుకుంటాయి. ఆమోసు కాస్త కుడికి, పెద్ద ఇబ్బంది ఉండదు. ఎడమ అట్ట కింద మడిచిన బట్ట పెట్టి రెండువైపులా ఎత్తు సమం చెయ్యండి. అంటించిన వీపున్న ప్రతి కొనొద్దు, ఒకే పుట దగ్గర పదే పదే తెరిస్తే వీపు చీలి అక్కడి పుటలు ఊడతాయి. దారంతో కుట్టిన ప్రతి తీసుకోండి. మూలమట్టం, కంపాస్ అడుగున పలచని ఫెల్ట్ అంటించండి. పుట గుర్తుకు పట్టు రిబ్బను చాలు, లోహపు క్లిప్పు తుప్పు మరక వదులుతుంది. సమావేశం ముగిశాక ముందు మూలమట్టం, కంపాస్ తీసి, ఆ తరవాతే గ్రంథం మూయండి. లోపల ఉంచి మూస్తే రెండు సమావేశాల్లోనే వీపు వంగిపోతుంది.