సామెతలు 3:9-10 విషయంలో ఈ కుర్రాడికి ఏం చెప్పాలి?

అందరికీ వందనాలు. మా సంఘంలో యౌవనస్థుల కూడికకు వాక్యం చెబుతుంటాను. ఈ నెల బైబిల్లోని సామెతల గ్రంథం పెట్టుకున్నాం. 31 అధ్యాయాలు, రోజుకొకటి. మూడో అధ్యాయం దగ్గరే ఆగిపోయాం.

రాబడిలో ప్రథమఫలం ఇచ్చి దేవుణ్ణి ఘనపరిస్తే కొట్లు ధాన్యంతో నిండుతాయని అక్కడ ఉంది కదా. అది చదవగానే ఇంటర్ చదివే కుర్రాడొకడు లేచి, "మా నాన్న రాబడిలో పదోవంతు, దశమభాగం, ఇవ్వడం ఏనాడూ మానలేదండీ. మరి మా మిరపకాయలు కల్లంలోనే ఎందుకు తడిసిపోయాయి?" అన్నాడు. వాళ్లది కౌలు సేద్యం. రంగుపోయిన కాయను తాలు ధరకే అమ్ముకున్నారు, అప్పు అలాగే ఉంది.

"మీ విశ్వాసం చాల్లేదు" అనే మాట నా నోట రాదు. బైబిల్లో ఏ తప్పూ చేయకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబును చూసి, అతని స్నేహితులు తప్పంతా అతనిదే అన్నారు. యోబు గ్రంథం 42వ అధ్యాయంలో దేవుడు వాళ్ల మీదే కోపపడ్డాడు. వాళ్లు చేసిన మంచిపనల్లా మొదటి ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చోవడమే. సామెతలు లోకంలో సాధారణంగా జరిగే తీరు చెబుతాయి, ఒక్కో ఇంటికీ రాసిచ్చిన హామీలు కావని నా అవగాహన. కానీ ఆ వయసు పిల్లాడికి ఈ వివరణ చప్పగా ఉంటుంది. పోనీ హబక్కూకు 3:17-18 చదివిద్దామంటే, చేలు పండకపోయినా ఆనందిస్తాననే మాట ఇప్పుడే చెబితే పుండు మీద కారం చల్లినట్టవుతుందేమో.

పంట పోయిన ఇళ్లలో వాక్యం చెప్పిన పాస్టరుగార్లు, అక్కయ్యలు, అన్నయ్యలు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, మీరు ఎక్కడ మొదలుపెట్టారు? వాళ్ల నాన్నగారిని కూడా కలవాలనుకుంటున్నాను. ఆయన ముందు ఈ వచనం ఎత్తవచ్చా?