తొట్లకొండ నుంచి భీమిలి దాకా 24 మందితో నడక: ఇద్దరు గైడ్లు చాలా?

నడకపిచ్చి:
విశాఖ నుంచి భీమిలికి కొండలనీ తీరాన్నీ కలుపుతూ ఒక పొడుగాటి కాలిబాట ముక్కలు ముక్కలుగా తయారుచేస్తున్నాం. గుర్తులు ఇంకా సగం చోట్లే పెట్టాం. డిసెంబరులో ఒక ఆదివారం తొట్లకొండ దిగి మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలి చేరాలని ఉంది, దాదాపు 12 కి.మీ. 24 మంది, సగం కొత్తవాళ్లే. ఇద్దరు గైడ్లం సరిపోతామా? నీళ్లెంత? దిబ్బల్లో ఎవరూ తప్పిపోకుండా ఏం చెయ్యాలి?

సరుగుడుతోట:
ఇద్దరు చాలరండీ, నలుగురు కావాలి. ముందొకరు, చివరొకరు, మధ్యలో ఇద్దరు. చివరాయన ఎవర్నీ దాటకూడదు, అంతే ఆయన పని.

జనం తప్పిపోయేది చీలికల దగ్గరే. ఒకడు చెప్పులో ముల్లు తీసుకోవడానికి ఆగుతాడు, ముందువాళ్లు మలుపు తిరిగేస్తారు, వీడి వెనకున్న పదిమందీ వీడితోపాటు పక్కదారి పడతారు. అందుకే ప్రతి చీలికలోనూ ముందాయన తన వెనకున్న మనిషిని అక్కడే నిలబెట్టాలి. చివరాయన వచ్చి "పద" అనేదాకా ఆ మనిషి కదలకూడదు.

"అందరూ వచ్చారా?" అని మాత్రం అడక్కండి, అందరూ "ఆఁ" అంటారు. 1 నుంచి 24 దాకా నంబర్లిచ్చి, ఆగిన ప్రతిచోటా వరసగా పలికించండి. ఏ నంబరు దగ్గర మాట ఆగితే ఆ మనిషే లేడు.

గెడ్డగట్టు:
పైన చెప్పింది నిజం. దిబ్బల సంగతి నేను చెప్తా. లోపల గెడ్డలు (వాగులు) కోసిన సందులన్నీ ఒకేలా ఉంటాయి. లోతు సందుల్లో జీపీఎస్ గీత కూడా అటూ ఇటూ ఊగుతుంది, కాబట్టి ఫోన్ని నమ్మి కొత్త సందులోకి దిగొద్దు. అంచులు కింద నుంచి తొలుచుకుపోయి ఉంటాయి, ఫోటో కోసం నిలబడితే మట్టితో సహా జారిపోతారు. అంచుకి మూడడుగుల ఇవతలే ఉండాలి. అది జాతీయ భూవారసత్వ స్థలం, మీ రంగు గుర్తులు అక్కడ వద్దు. పక్కనే నేవీ స్థావరం ఐఎన్‌ఎస్ కళింగ ఉంది. మ్యాపులో మీ గీత నేవీ స్థలం మీదుగా పోతుంటే చెరిపేసి రోడ్డు మీదకి మార్చండి. అక్కడ కెమెరాలు సంచుల్లోనే ఉండాలి.

పోటూఆటూ:
మంగమారిపేట దగ్గర ఇసుకలో దిగేట్టయితే ఆటు వేళ చూసుకోండి. తడి ఇసుక గట్టిగా ఉంటుంది. పోటులో పైనున్న పొడి వాలు మీద నడవాలి, సముద్రం వైపు కాలు పల్లంలో పడుతూ గంటకే మోకాలు పట్టేస్తుంది. ఆటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, నిన్నటి టైము పెట్టుకోవద్దు. ఆరబెట్టిన వలల మీద కాలు పడకూడదు.

మనిషికి 3 లీటర్లు నీళ్లు. డిసెంబరైనా ఉక్క ఉంటుంది, దిబ్బల్లో చుక్క దొరకదు. ఉదయం 6కి బయల్దేరితే గంటకి 3 కి.మీ., దిబ్బల్లో అందులో సగం, విరామాలతో మధ్యాహ్నం 12 అవుతుంది.

నడకపిచ్చి:
ఓఆర్‌ఎస్ అర లీటరు సీసాలో ఒక ప్యాకెట్ కలిపితే సరేనా?

పోటూఆటూ:
అస్సలు వద్దు. చిక్కబడితే దాహం ఇంకా పెరుగుతుంది, వాంతులూ అవుతాయి. ప్యాకెట్ మీద చూడండి, లీటరుదీ ఉంటుంది, 200 మి.లీ.దీ ఉంటుంది. రాసినంత నీళ్లలోనే మొత్తం కలపాలి.

సరుగుడుతోట:
ఇంకోటి. అలిసిపోయినవాళ్లని మంగమారిపేటలోనే ఆపెయ్యండి, భీమిలి బస్సు ఆ రోడ్డు మీదే దొరుకుతుంది. దిబ్బల్లోకి దిగాక వెనక్కి పంపాలంటే ఒక గైడు వాళ్లతో పోవాల్సిందే, మీకు ముగ్గురే మిగులుతారు.